మేము వచ్చామని లోపల చెప్పు

ఆత్మకూరు బస్టాండు దగ్గర కొత్తగా ఒక కళ్ళజోళ్ళ దుకాణం పెట్టారు. పోయిన నెల అద్దాలు మార్పించుకుందామని అక్కడికి వెళ్ళాను. గాజు తలుపు తోసి లోపల అడుగు పెట్టగానే, నా తల మీద నుంచి మా నాయన మాట్లాడారు. "మేము వచ్చామని లోపల చెప్పు" అన్నారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. తలెత్తి చూస్తే తలుపు పైన అరచేతి పాటి తెల్లటి డబ్బా ఒకటి కనిపించింది. మనిషి దాటినప్పుడల్లా అది పలుకుతుంది. ఇలాంటి డబ్బాల్లో మామూలుగా పిట్ట కూతో గంట మోతో పెడతారు. ఈ దుకాణం వాళ్ళు మా నాయనను పెట్టారు. లోపల కూర్చున్న ఇద్దరు ఆడపిల్లలు తల ఎత్తలేదు. రోజంతా వినే మాట కదా. నా వెనకే వచ్చిన పెద్దాయన మాత్రం నవ్వి, అదే మాటను అదే బరువుతో తానూ అనబోయి, గొంతు చాలక దగ్గాడు. నేను వెళ్ళి బల్ల మీద కూర్చున్నాను. నా వంతు వచ్చేలోపల మా నాయన చాలాసార్లు వచ్చారు.

తెలుగు తెలిసినవాళ్ళలో ఆ మాట వినని వాళ్ళు తక్కువ. టీవీలో వచ్చిన ఒక బొమ్మల సీరియల్లో రాజు అనే మాట అది. దాని అసలు పేరు ఇక్కడ రాయను. మా వైపు అందరూ 'ఇనప ఓడ రాజు' అనేవాళ్ళు, అది చాలు. కథ ఏదో పరాయి దేశం వాళ్ళది. ఆకాశంలో ఒక గ్రహం, దానికి ఒక రాజు. ఒకనాడు ఆ గ్రహాన్ని ఒక చీకటి గుంట మింగేస్తుంది. రాజు ఒక్కడే తుప్పుపట్టిన ఓడలో బయటపడతాడు. వెంట ఒక రేకు నౌకరు ఉంటుంది. అది మనిషి కాదు, యంత్రం. చెప్పినదానికి ఎప్పుడూ వ్యతిరేకం చేస్తుంది. రాజు గ్రహం తర్వాత గ్రహం తిరుగుతూ, ప్రతి తలుపు ముందూ ఛాతీ విరుచుకొని నిలబడి, తను వచ్చిన సంగతి లోపల చెప్పమంటాడు. లోపలివాళ్ళు వచ్చి చూసి, కుళాయి బాగుచేసేవాడనో పాత సామాను కొనేవాడనో అనుకుంటారు. అదే హాస్యం. ప్రతి వారమూ అదే హాస్యం.

తెలుగులో ఆ రాజు గొంతు మా నాయనది. ఆ మాట కూడా ఆయనదే. రాసిచ్చిన కాగితంలో అది లేదు. అది మా ఇంటి మాట.

మా వంశంలో మగవాళ్ళు ఎవరి తలుపూ తట్టరు. గుమ్మం బయట నిలబడి కేక వేయరు. ముందుగా ఒక మనిషి పోయి, ఫలానావారు వచ్చారని చెప్పాలి, లోపలివాళ్ళు ఎదురొచ్చి తీసుకుపోవాలి. మా తాత కాలంలో ఆ పనికే ఒక మనిషి ఉండేవాడట, తలపాగా చుట్టుకొని, బండికి నూరడుగుల ముందు నడిచేవాడట. తర్వాత సోమశిల ఆనకట్ట కట్టారు. పెన్న వెనక్కి తన్ని మా ఊరిని, మాగాణిని, తాత కట్టించిన మేడను, ఆ తలపాగా మనిషి ఇంటిని కూడా తనలో కలుపుకుంది. ఎవరికి వాళ్ళం తలా ఒక దిక్కు పోయాం. నాకు ఊహ తెలిసేసరికి మేము ఉదయగిరిలో, కొండ కింద వీధిలో, రెండు గదుల అద్దె ఇంట్లో ఉన్నాం. నాయన, నాయనకు తల్లి అయిన మా అవ్వ, నేను. అమ్మ ముఖం నాకు జ్ఞాపకం లేదు. నౌకర్లు లేరు కాబట్టి ముందు నడిచే పని నాకు వచ్చింది. ఆరేళ్ళ వయసు నుంచి పదిహేడేళ్ళ దాకా ఆ పని చేశాను.

చౌక బియ్యం దుకాణానికైనా అంతే, తాలూకాఫీసుకైనా అంతే. నాయన వీధి మలుపులో ఆగేవారు, గొడుగు మూసి పట్టుకొని. నేను పోయి, వరస పక్కనుంచి దూరి, మా నాయన వచ్చినారని చెప్పేదాన్ని. బియ్యం కొలిచే ఆయన తల తిప్పకుండానే, "వస్తే వచ్చినాడులే పాపా, వరసలో నిలబడమను" అనేవాడు. వరసలో ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నేను తిరిగొచ్చి నాయనతో, ఆయన పనిలో ఉన్నారనీ, మిమ్మల్ని నిలబెట్టడం ఇష్టంలేక నా చేతికే ఇస్తానన్నారనీ చెప్పేదాన్ని. నాయన తల ఊపి, "మర్యాద తెలిసినోడు" అనేవారు. తర్వాత వరసలో నేనే నిలబడి సంచి మోసుకొచ్చేదాన్ని. లోకం చెప్పిన జవాబుకు, నాయన చెవిలో పడే జవాబుకు మధ్య నేను ఉండేదాన్ని. ఆ మధ్యలో ఎన్ని అబద్ధాలు ఆడానో నాకే తెలియదు. అబద్ధమని అనిపించేది కూడా కాదు. పని అనిపించేది.

ఆ ఇంటి వాసనలు మూడు. ఒకటి గంజి. నాయన తన పంచెను తనే ఉతికి, తనే గంజి పెట్టుకొని, దండెం మీద మడత పడకుండా గంటసేపు పక్కనే నిలబడి లాగేవారు. ఇంట్లో గంజి తాగడానికి సరిపోని రోజుల్లో కూడా పంచెకు ఒక గిన్నె పక్కన పెట్టేది అవ్వ. రెండోది మిరియాల కషాయం. నాయన గొంతుకు పొద్దునే అది పడాలి. తాటికలకండ చిన్న ముక్క నాలుక కింద పెట్టుకొని, గోడ వైపు తిరిగి పద్యం ఎత్తేవారు. మూడోది పక్కింటి నుంచి వచ్చే పచ్చికట్టె వాసన. పక్కింట్లో మస్తాన్‌బీ, ఆమె కూతుళ్ళు కొండ మీది కట్టె తెచ్చి స్పూన్లు, గరిటెలు చెక్కేవాళ్ళు. పొద్దస్తమానం ఆకురాయి గీకుడు వినబడేది. గాలి ఇటు తిరిగితే సన్నటి రంపపు పొట్టు మా గడప మీద వాలేది. అవ్వ రోజుకు నాలుగుసార్లు చిమ్మేది. చిమ్ముతూ ప్రతిసారీ ఒకటే అడిగేది: "అబ్బయ్య బయటికి పోయినాడే, ముందు ఎవరు పోయినారు?" నేను ఇంట్లోనే కనబడితే ఆమెకు గుండె ఆగేది, కొడుకు ఒంటరిగా ఏ గుమ్మం ముందు నిలబడి ఉన్నాడో అని.

నాయనకు వచ్చిన విద్య ఒకటే, పద్యనాటకం. అందులోనూ రాజు వేషం తప్ప ఇంకోటి వేసేవారు కాదు. ఆత్మకూరు నాటకాల్లో మంత్రి వేషం ఇస్తామంటే గొడుగు తీసుకొని వచ్చేశారు ఒకసారి. అక్కడ ఒక ఏడు ఆయన పాడింది విని శేషయ్య అనే మనిషి ఇంటికి వచ్చాడు. కలువాయి వాడు. మద్రాసులో సినిమాలకు, టీవీ బొమ్మలకు తెలుగు గొంతులు కుదిర్చే పని. అయ్యా, మీ గొంతు కోసమే పుట్టిన పాత్ర ఒకటి ఉంది అన్నాడు. నాయన కథ అడిగారు. రాజ్యం పోగొట్టుకున్న రాజు కథ అన్నాడు శేషయ్య. అది అబద్ధం కాదు. ఎలా చెప్పాలి అని అడిగారు నాయన. "మీరు నటించొద్దయ్యా. మీరు ఇంట్లో ఎట్లా మాట్లాడతారో అట్లానే మాట్లాడండి. అంతకంటే మాకేం అక్కర్లేదు" అన్నాడు. నాయన ఆ మాటను పెద్ద గౌరవంగా తీసుకున్నారు.

నెలకు రెండుసార్లు మద్రాసు పోయి వచ్చేవారు. అక్కడ ఎవరి గొంతు వాళ్ళు విడివిడిగా, ఒంటరిగా చెప్పిపోతారు. గాజు గదిలో నాయన ఒక్కరే నిలబడి, తెర మీద పెదవులు కదిలే రాజును చూస్తూ చెప్పేవారు. మిగతా గొంతులు ఆయన వినలేదు. నవ్వులు తర్వాత కలిపేవాళ్ళు. తెర మీద కనబడే బొమ్మ వింతగా ఉందని నాయనకు అనిపించకపోలేదు. నేను అడిగితే, తోలుబొమ్మల్లో రాముడు మాత్రం మనిషిలా ఉంటాడా అన్నారు. కాగితంలో మొదట "నేను రాజును, తలుపు తీయండి" అని రాసి ఉంటే, ఏ రాజూ అలా అనడని ఆయనే కొట్టేసి మన ఇంటి మాట పెట్టారట. గాజు అవతల కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారట. ఆ సంగతి చెబుతున్నప్పుడు నాయన ముఖం చూసి అవ్వ దిష్టి తీసింది.

ఇంట్లో సాధన చేసేవారు. ఒక సాయంత్రం నాకు బాగా గుర్తు. గోడ వైపు తిరిగి, కాగితం దూరంగా పట్టుకొని చదువుతున్నారు. "మా నేల మునగలేదు. మేము కళ్ళు మూసుకుంటే అక్కడే ఉంది. తెరిస్తేనే లేదు." రెండోసారి చదివేటప్పటికి, గడపలో చాట పట్టుకొని కూర్చున్న అవ్వ చాట పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎంతసేపు ఏడ్చిందో. ఆఖరికి, "ఎవురు రాసినారు అబ్బయ్యా అది? మనూరోడేనా?" అని అడిగింది. నాయన కాగితం మడిచి, ఎవరో దొరసాని రాసిందట అన్నారు.

మా ఇంట్లో టీవీ లేదు. వీధి చివర సువార్తమ్మ టీచరు ఇంట్లో ఉండేది. ఆమెది వరికుంటపాడు, బాప్టిస్టులు, పెళ్ళి చేసుకోలేదు. నన్ను చేరదీసి లెక్కలు చెప్పేది. సీరియల్ మొదటిసారి వచ్చిన ఆదివారం, గుడి నుంచి వచ్చి తెల్ల చీర మార్చుకోకుండానే నన్ను పిలిచి కూర్చోబెట్టింది. బొమ్మ మొదలైంది. నాయన గొంతు ఆ గదిలో వినబడగానే నేను వెన్ను నిటారుగా పెట్టుకొని కూర్చున్నాను, ఆయన నిజంగా లోపలికి వచ్చినట్టు. రాజు తలుపు ముందు నిలబడి ఆ మాట అన్నాడు. వెంటనే టీవీలోంచి వందమంది నవ్వారు. ఎవరు నవ్వారో నాకు అర్థం కాలేదు. రాజు తన నేల గురించి చెప్పాడు. అవ్వను ఏడిపించిన ఆ మూడు ముక్కలకూ మూడు నవ్వులు పెట్టారు. మూడోది అన్నిటికంటే పెద్దది. ఆ మాట అంటూ ఉండగానే రేకు నౌకరు రాజు కిరీటంలో నూనె పోసుకుంది.

సువార్తమ్మ టీచరు టీవీ ఆపేసింది. తర్వాత, "నాయనకు తెలుసునా?" అంది. తెలియదన్నాను. "నువ్వే చెప్పెయ్ పాపా. ఇంట్లో ఇంటే ఒక దెబ్బ. బయట ఇన్నాడంటే లేవడు."

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఆమె తర్వాత రెండుమూడుసార్లు అడిగింది. అప్పుడు లెక్కల పుస్తకం తెరిచేదాన్ని. ఇప్పుడైతే చెప్పగలను. ఆ ఏడాది మా నాయన సంతోషంగా ఉన్నారు. ఆయన సంతోషంగా ఉండటం నేను చూసింది ఆ ఒక్క ఏడాదే.

ఎందుకంటే ఆ మాట బొమ్మ దాటి బయటికి వచ్చేసింది. ఎక్కడ చూసినా అదే. ఆటోల వెనక అద్దం మీద రాజు బొమ్మ వేసి కింద ఆ మాట రాయించుకునేవాళ్ళు. ఓట్లు అడిగే జీపు మైకులో ఎవడో నాయన గొంతును అనుకరించి, మా నాయకుడు వచ్చాడని లోపల చెప్పండి అని వీధివీధి తిరిగాడు. ఒక వారపత్రిక అట్ట మీద మంత్రిని ఇనప ఓడలో కూర్చోబెట్టి గీశారు. పెద్ద హీరో సినిమాలో హాస్యగాడు మామగారి ఇంటి ముందు నిలబడి అదే మాట అంటే ఆత్మకూరు హాల్లో ఈలలు ఆగలేదని చెప్పుకున్నారు. పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారు దిగగానే బ్యాండు వాళ్ళు మైకులో అనేవాళ్ళు. వరికుంటపాడులో క్రిస్మసు నాటకానికి సువార్తమ్మ టీచరు నన్ను తీసుకుపోయింది. తూర్పుదేశపు జ్ఞానులు ముగ్గురు హేరోదు రాజు వాకిట్లో నిలబడ్డారు. ముందున్న కుర్రవాడు గడ్డం సవరించుకొని, "మేము వచ్చామని లోపల చెప్పు" అన్నాడు. గుడంతా నవ్వింది. పాస్టరు గారు కూడా పుస్తకం అడ్డం పెట్టుకొని నవ్వారు. సువార్తమ్మ టీచరు మాత్రం నా చెయ్యి పట్టుకుంది.

నాయన ఇవన్నీ వేరే విధంగా విన్నారు. ఆ గొంతు పోల్చుకున్న వీధివాళ్ళు ఎవరైనా, "దొరా, మీరు వచ్చినారని చెప్పమంటారా?" అని ఎదురొస్తే, ఈ జనానికి ఇన్నాళ్ళకు పద్ధతి గుర్తొచ్చిందని అనుకున్నారు. బియ్యం దుకాణం ఆయన మొదటిసారి గల్లా దిగి మలుపు దాకా వచ్చి, చేతులు కట్టుకొని, వంగి మరీ పిలిచాడు. వరస మొత్తం పగలబడి నవ్వింది. నాయన ఆ నవ్వును ఆదరం అనుకొని, వాళ్ళందరికీ చెయ్యెత్తి నమస్కారం పెట్టారు. మస్తాన్‌బీ కిరీటం పెట్టుకున్న రాజు తలను స్పూను పిడి మీద చెక్కి తెచ్చి ఇచ్చింది. ఆమెకు గిరాకీ అంతా ఆ ఏడు అవే. నాయన దాన్ని రెండు చేతులతో అందుకొని, మా తాత వెండి గ్లాసు పక్కన పెట్టించారు. నడక మారింది. మూసిన గొడుగు చేతిలో ఉన్నా లేనట్టే నడిచేవారు. మునిగిన ఊరు పోయింది గానీ మర్యాద తిరిగొచ్చింది అని ఒకసారి అవ్వతో అన్నారు. ఆ మాట విన్నాక నేను చెప్పడం ఎలా?

ఆత్మకూరులో నాటక సమాజం వార్షికోత్సవానికి పిలుపు వచ్చింది. పిలుపు అందరికీ అచ్చువేసిన కాగితమే. నాయన రెండు రోజులు పంచెకు గంజి పెట్టారు. మధ్యాహ్నం బస్సు దిగి ఇద్దరం నడిచాం. హాలు మలుపులో ఆయన ఆగారు. నేను ముందు పోయాను. కార్యదర్శి కొత్తగా వచ్చిన మనిషి, నాయనను ఎరగడు. మా నాయన వచ్చినారని చెబితే, "ఎవరమ్మా మీ నాయన? వెనక కుర్చీలుండాయి, కూర్చోబెట్టు" అన్నాడు. మొదటి వరస రాజకీయాల వాళ్ళకట. పదిహేనేళ్ళు ఆ హాల్లో రాజుగా నిలబడ్డ మనిషిని వెనక కూర్చోబెట్టమన్నాడు. ఎప్పటిలా ఏదో ఒక అబద్ధం అల్లుకొని వెనక్కి పోవచ్చు. ఆ రోజు పోలేకపోయాను. ఒళ్ళు మండింది. ఆ మంటలో, అప్పటిదాకా నా నోటితో ఎవరికీ చెప్పని మాట చెప్పేశాను. ఇనప ఓడ రాజు గొంతు ఆయనదే అన్నాను.

కార్యదర్శి కళ్ళు పెద్దవి చేసి పరుగున వచ్చి, నాయనను భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకుపోయాడు. మొదటి వరస మధ్యలో కుర్చీ వేయించాడు. ఎదురొచ్చి తీసుకుపోయారు కదా, పద్ధతి జరిగింది కదా అని నేను గోడవారగా నిలబడి గర్వపడ్డాను కూడా. ఆ సంగతి దాచను.

వేదిక మీద ఒక మిమిక్రీ ఆయన అందరి గొంతులూ చేసి, చివరగా ఆ రాజు గొంతు చేశాడు. జనం నవ్వుతుంటే నాయన కొంచెం ముఖం ముడిచారు, మంచి మాటను వీడెవడో పాడుచేస్తున్నాడని. అప్పుడు కార్యదర్శి మైకు అందుకొని, నకలు చూశారు, ఇప్పుడు అసలును చూడండి అని నాయనను పైకి పిలిచాడు. నాయన మెట్లెక్కి, ఉత్తరీయం సర్దుకొని, నాటకంలో లాగే సద్దుమణిగేదాకా ఆగి, ఆ మాట అన్నారు. హాలు కప్పు ఎగిరిపోయేటట్టు నవ్వింది. నాయన వెనక్కి తిరిగి చూశారు, తన వెనక ఏదైనా జరిగిందేమో అని. వెనక నల్లటి తెర తప్ప ఏమీ లేదు. ఆ మాట చాలలేదు కాబోలు, బరువైనది చెబితే జనం నిలబడతారని అనుకున్నట్టుంది. నేల గురించిన మాటలు ఎత్తుకున్నారు. మా నేల మునగలేదు అన్నారు. అనకూడదు అని నేను గోడవార నుంచి చెయ్యి ఊపాను. ఆయన కళ్ళు మూసుకొని ఉన్నారు. మూడో ముక్క దగ్గర మొదటి వరసలో ఒక పెద్దమనిషి నవ్వలేక కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నాయన కళ్ళు తెరిచి, జనం వైపు కాదు, నా వైపు చూశారు.

శాలువా కప్పారు. దాన్ని అలాగే కప్పుకొని బస్సెక్కారు. ఉదయగిరి కొండ కనబడ్డాక అడిగారు.

"నవ్వే బొమ్మా అది, అమ్మణ్ణీ?"

"అవును నాయనా."

"నీకు తెలుసునా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మొదటి ఆదివారం నుంచి."

తల ఊపారు. నాకు తిట్టు పడితే బాగుండుననిపించింది. బస్సు దిగబోతూ, నన్ను అడిగినట్టు కాదు, ఎవరినో అడిగినట్టు అన్నారు: "ఆ రాజుకు ఊరు లేదు గదా. దాంట్లో నవ్వేదానికి ఏముండాది?"

మర్నాడు బియ్యం దుకాణానికి బయలుదేరుతుంటే నేను చెప్పులు వేసుకొని గడప దిగాను. నాయన చేత్తో ఆపారు. "ఇంక నువ్వు ముందు పోవద్దు" అన్నారు. ఆయనే పోయి వరసలో నిలబడ్డారు. అవ్వ ఎప్పటిలా చిమ్ముతూ, ముందు ఎవరు పోయినారు అని అడిగింది. నేను గడప దగ్గర చెప్పులు విప్పాను. ఆమె నా ముఖం చూసి చీపురు గోడకు ఆనించింది. ఆ తర్వాత ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. ఏడాది తిరగకుండానే అవ్వ పోయింది.

నాయన మద్రాసు మళ్ళీ పోలేదు. శేషయ్య రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి నాయన లోపలి గదిలోంచి బయటికి రాలేదు. రెండోసారి బయటికి వచ్చి, మంచినీళ్ళు ఇచ్చి, నువ్వు అబద్ధం చెప్పలేదులే అన్నారు. రాజు గొంతుకు ఇంకొకరిని పెట్టారు. అతను నాయనను అనుకరించాడు. ఎవరూ గమనించలేదు. బొమ్మ ఇంకా చాలా ఏళ్ళు నడిచింది. పద్యం ఆగింది, కషాయం ఆగింది. పంచెకు గంజి మాత్రం ఆగలేదు. స్పూను వెండి గ్లాసు పక్కనే ఉండిపోయింది. దాన్ని తీసెయ్యమని ఆయనా అనలేదు, తీసే ధైర్యం నాకూ లేకపోయింది. సువార్తమ్మ టీచరు ఎప్పుడు ఎదురుపడినా 'నేను ముందే చెప్పలేదా' అన్న మాట అనలేదు. లెక్కలు మాత్రం మానిపించకుండా, ఆ లెక్కలతోనే నాకు టీచరు ఉద్యోగం వచ్చేదాకా చెప్పింది.

చివరి రోజుల్లో నెల్లూరులో డాక్టరుకు చూపించడానికి తీసుకుపోయాను. గది తలుపు వేసి ఉంది. నేను ముందుకు కదిలితే నాయన ఆపి, తనే తట్టారు. అప్పుడు చూశాను. తలుపు ఎలా తట్టాలో ఆయనకు తెలియదు. డెబ్భై ఏళ్ళ జీవితంలో ఎక్కువ భాగం చెయ్యని పని అది. వేలి గణుపులు పెట్టి, మంచం మీద ఒకరు నిద్రపోతుంటే లేపినట్టు, వినబడీ వినబడకుండా రెండుసార్లు తాకించారు. లోపల ఎవరూ వినలేదు. మళ్ళీ తట్టలేదు. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు తెరుస్తారని ఆ తలుపు ముందు నిటారుగా నిలబడ్డారు. నేను పక్కన నిలబడ్డాను. ఒక నర్సు బయటికి వచ్చేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.

ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు సోమశిల వెనక మా మేడ పిట్టగోడ జానెడు బయటపడుతుందని చెబుతారు. చేపలు పట్టేవాళ్ళు దానికి పడవ కడతారట. నేను పోయి చూడలేదు. మునిగినది మునిగినట్టే ఉంటే గౌరవం. మా నాయన గొంతుకు ఆ గౌరవం కూడా దక్కలేదు. అది మునగదు. బొమ్మ ఆగిపోయాక ఫోన్లు వచ్చాయి, ఫోన్లలో అది మళ్ళీ లేచింది. మా బడిలో ఉపాధ్యాయుల ఫోను గుంపులో ఎవరైనా కొత్తగా చేరితే ఒకరు ఆ రాజు బొమ్మ పెడతారు, నొక్కితే మాట్లాడుతుంది. ఎవరో ఓడిపోయిన నాయకుడి ముఖానికి ఆ గొంతు అతికించి పంపుతారు. బొమ్మ పేరు కూడా ఎరగని పిల్లలు తరగతి గది తలుపు దగ్గర నిలబడి నన్ను ఆ మాటతోనే అనుమతి అడుగుతారు. నేను రమ్మంటాను. ఆ కాలంలో ఒక మనిషి వచ్చాడని చెప్పడానికి ఇంకో మనిషి ఎండలో ముందు నడవాలి. అవతలివాడు నవ్వినా సరే, లేచి జవాబు చెప్పాలి. ఇప్పుడు తలుపు పైన డబ్బా ప్రతివాడూ వచ్చాడని చెబుతుంది, లోపల ఎవరూ తల ఎత్తరు. రెంటిలో ఏది మేలని నన్నడిగితే, రెంటిలోనూ మా నాయన గుమ్మం బయటే ఉన్నారు.

నిన్న కళ్ళజోడు తెచ్చుకోవడానికి మళ్ళీ ఆత్మకూరు పోయాను. ఈసారి చెప్పాలనే పోయాను. ఆ గొంతు మా నాయనది, దాన్ని తీసెయ్యండి అని చెప్పాలి. బస్సులో ఆ మాటను నాలుగైదు రకాలుగా అనుకున్నాను. తలుపు తోశాను. నాయన వచ్చారు. దుకాణం యజమానురాలు ముప్పై ఏళ్ళ అమ్మాయి, నెమ్మదైన మనిషి. కళ్ళజోడు నా చెవులకు సరిపోయేటట్టు తనే వంచి, తుడిచి పెట్టింది. తలుపు పైన పలికేది ఎవరి గొంతో తెలుసునా అని అడిగాను.

"బొమ్మల్లో రాజుది గదా మేడం. మా నాయనకు మంచి ఇష్టం. ఆస్పత్రిలో ఆఖరి నెల ఏం చెప్పినా నవ్వలేదు, అది పెడితే మాత్రం నవ్వేవాడు. ఆయన పోయినాక నేనే తలుపుకు పెట్టించినాను." కొంచెం ఆగి, "ఎందుకు మేడం, గట్టిగా ఉండాదా? తగ్గించమంటారా?" అంది.

కొత్త అద్దాల్లోంచి ఆమె ముఖం చాలా స్పష్టంగా కనబడింది. చెప్పాలనుకున్న మాట నోటిదాకా వచ్చింది. ఒక్క మాట చెబితే ఆమె లేచి నిలబడుతుంది. ఆ ఇద్దరు ఆడపిల్లలనూ పిలుస్తుంది. కుర్చీ వేస్తుంది. ఫోను తీసి, ఆ రాజు గొంతు ఈ మేడం వాళ్ళ నాయనదంట, అని నలుగురికీ చెబుతుంది. ఆత్మకూరులో ఒకసారి నేను ఆయనకు ముందు నడిచి, ఆయన ఎవరో చెప్పి, మంచి కుర్చీ వేయించాను. రెండోసారి చెయ్యను. అదీగాక, చనిపోతూ ఒక మనిషి నవ్వాడంటే, ఆ నవ్వును నేను ఎవరి దగ్గరకు పోయి వెనక్కి ఇప్పించుకోవాలి?

గట్టిగా లేదమ్మా, బాగానే ఉంది అన్నాను. ఆరేళ్ళప్పటి నుంచి అలవాటైన పని కదా, తడబడలేదు. కళ్ళజోడు డబ్బా సంచిలో పెట్టుకొని, వెన్ను నిటారుగా పెట్టుకొని నడిచి, తలుపు తెరిచాను. లోపలికి వచ్చేవాళ్ళకూ బయటికి పోయేవాళ్ళకూ ఆ డబ్బాకు తేడా తెలియదు. నేను ఎండలోకి దిగుతుంటే, ఎవరూ లేని ఆ గడప మీద, మా నాయన మేము వచ్చామని లోపల చెప్పమన్నారు.